తిన్నవా అని అడిగినందుకు

మా అత్త ముత్తవ్వ ఏ వార్తనూ నమ్మదు. తంబాకు చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతూ, నా కూతురు దీపిక ఫోన్లో చదివే ప్రతి వార్తకూ "ఎవలింట్ల జరిగింది? పేరు చెప్పుమను" అంటుంది. పేరు చెప్పకపోతే అది అబద్ధమే. చంద్రుడి మీద నీళ్లున్నాయంటే, చూసొచ్చినవాడి ఇంటిపేరు తెలియదని కొట్టిపారేసింది. ఈ మనిషితో ఎలా వేగుతున్నానో నాకే తెలియాలి.

మొన్న దీపిక ఒక వింత వార్త చదివింది. ఎక్కడో చలిదేశంలో, ఆడుకోవడానికి వచ్చిన పక్కింటి పిల్లను గదిలోనే కూర్చోబెట్టి ఇంటివాళ్లు వెళ్లి తినొస్తారట. దాని కింద వేలమంది తిట్టుకుంటున్నారు.

"థూ! పిల్లను ఆకలితోటి కూసోవెట్టి తినేటోళ్లు ఉంటరా? ఎవలింట్లనో అడుగు" అంది అత్త. దీపిక ఆ మాటను ఫోన్‌తోనే ఇంగ్లిష్‌లోకి మార్చి, మా నానమ్మ ముత్తవ్వ అడుగుతోందంటూ ఆ వార్త కిందే పెట్టింది.

గంటలో ఒక తెల్లాయన జవాబిచ్చాడు. అరవై ఏళ్లవాడట. "నిజమే. అలా గదిలో కూర్చున్న పిల్లల్లో నేనూ ఒకణ్ని. తప్పేముంది? మా ఇంట్లో మా అమ్మ వండి పెట్టింది కదా!"

అత్త చేతిలో ఆకు ఆగిపోయింది. "అయ్యో పాపం! ఇప్పుడన్న తిన్నవా బిడ్డా అని అడుగు."

మర్నాడూ అడిగించింది. మూడో రోజూ అడిగించింది. ఏం తిన్నవ్, కూరేంది, ఎవలు వండిండ్రు? ఆ మనిషికి అనుమానమొచ్చి, "నా భోజనంతో ఈమెకేం పని? ఏం అమ్ముతోంది?" అని అందరి ముందూ రాశాడు. ఇంకేం, మూకుమ్మడిగా మీద పడ్డారు. ఇదొక కొత్తరకం మోసమనీ, ముందు తిన్నావా అంటారు, తర్వాత బ్యాంకు నంబరడుగుతారనీ ఒకామె హెచ్చరించింది. అసలు ముత్తవ్వ అనే మనిషే లేదని ఇంకొకడు తేల్చాడు.

"నేను లేనా? నేను దొంగనా?" అత్త చాట పక్కకు నెట్టేసింది. డెబ్బై ఏళ్లలో ఎవరిచేతా ఒక్క మాట పడని మనిషి. రెండు రోజులు ఒక్క బీడీ చుట్టలేదు, సరిగా ముద్ద ముట్టలేదు. మొదట నాకు నవ్వొచ్చింది. ఆమె మొహం చూశాక జాలేసింది.

ఆ తర్వాత నేరుగా వార్డు కౌన్సిలర్ దగ్గరికి పోయి కాగితం రాయించుకొచ్చింది. "బాన్సువాడకు చెందిన ముత్తవ్వ అను ఈమె నిజముగా ఉన్నది. ఈమె తిన్నవా అని అడిగిన యెడల అన్నం గురించి మాత్రమే అడిగినట్లు ధ్రువీకరించడమైనది." కింద సంతకం, గుండ్రటి ముద్ర. దీపిక ఫోటో తీసి పెట్టింది. ఆ ముద్ర చూశాక వాళ్లకు మిగిలిన కాస్త అనుమానం కూడా తీరిపోయింది. ఇంత పకడ్బందీగా కాగితాలు తయారుచేసేది దొంగలేనట!

చివరికి తెల్లాయనే ఒక దారి చూపాడు. "ఇది నిజంగా ఆమె అలవాటైతే ఇంట్లోవాళ్లనూ అడుగుతుంది కదా. కోడలుంటే చెప్పమనండి. నమ్ముతాను."

దీపిక ఫోన్ నా చేతిలో పెట్టింది. "చెప్పమ్మా, నానమ్మ నిన్ను అడుగుతదా?"

పెళ్లై పదమూడేళ్లు. ఒక్కసారీ అడగలేదు. జ్వరంతో పడుకున్నప్పుడు అడగలేదు, దీపిక కడుపులో ఉన్నప్పుడూ అడగలేదు. ఆ మాట లోకమంతా చదివేలా రాసి పారేద్దామని వేళ్లు దురద పెట్టాయి. అత్త వైపు చూశాను. ఆమె నా వైపు చూడలేదు. చుట్టిన బీడీనే విప్పి మళ్లీ చుడుతోంది.

"రోజూ అడుగుతుంది" అని కొట్టాను.

తెల్లాయన వెంటనే నమ్మేశాడు. క్షమించమన్నాడు. అలాంటి అత్త దొరికినందుకు నేను అదృష్టవంతురాలినట. దీపిక అదంతా పైకి చదివింది.

అత్త మొహం వెలిగిపోయింది. చాట దగ్గరికి లాక్కుని, "ఇగ అడుగు బిడ్డా, ఇయ్యాల ఆయన ఏం తిన్నడట?" అంది.

అప్పటికి మధ్యాహ్నం మూడైంది. నేనింకా తినలేదు.