రాజన్న అంటించిన పేర్లు

రాజన్న గురించి ఇన్నాళ్లూ రాయలేదంటే తీరిక లేక కాదు. నాకు రాయడం రాదు. నలభై దాటాక అక్షరాలు పట్టుకున్నాను. ఆ తర్వాత కూడా చాలాకాలం ఒక్కొక్క మాటే వచ్చేది. మాట పక్కన మాట పేర్చి ఒక మనిషి గురించి చెప్పడం ఈమధ్యే చేతనవుతోంది. నిన్న వంటింట్లో కెటిల్ ప్లగ్గు వేడెక్కి ప్లాస్టిక్ కమిలిన వాసన వచ్చింది. గబగబా స్విచ్చి ఆపి, ప్లగ్గు ఊడదీసి, అక్కడే నిలబడిపోయాను. ఆ వాసనకి నాకు భయం కన్నా ముందు ఆయన గుర్తొస్తాడు. ఆయన మొదటిసారి మా ఇంటికి వచ్చింది అలాంటి వాసన వచ్చిన రోజునే.

గల్ఫ్‌లో, అల్ వక్రాలో నేను పనిచేసే ఇంట్లో పెద్దావిడను అందరం మామా అనేవాళ్లం. కిందపడి తుంటి విరిగాక ఆవిడ వాకిట్లోకి వెళ్లడం మానేసింది. ఆ ఎండాకాలం వాకిట్లో ఆవిడ పెంచుకున్న మల్లె, పుదీనా, తులసిలాంటి రైహాన్ సగం మాడిపోయాయి. అవి పోతే తనూ పోతానని ఆవిడ అన్నం పక్కన పెట్టేది. కూతురు, అంటే మా మేడం, మేడమీద బట్టలుతికే గదిలోకి కుండీలు ఎక్కించి, ఎండకు బదులుగా మొక్కల మీద వెలిగే లైట్లు తెప్పించింది. మామాని చక్రాల కుర్చీలో ఆ గదిలోకి తీసుకెళ్తే గులాబీ రంగు వెలుగులో ఆకులు తడుముతూ పూట గడిపేది. మా డ్రైవరు సలీం లైట్లన్నిటినీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకి తగిలించాడు. కొన్నాళ్లకి ఒక మధ్యాహ్నం వాసన మొదలైంది. మేడం, మా ఇళ్లన్నీ ఉన్న కాంపౌండు మెయింటెనెన్స్ వాళ్లకి ఫోన్ చేస్తే రాజన్న వచ్చాడు.

జగిత్యాల వైపు మనిషి. నాకంటే పెద్దవాడు. ఎడమచేతి రెండు వేళ్లు వంగిపోయి ఉండేవి. కరెంటు తీసేసి, ఆ చేతినే బోర్డు మీద ఆనించి చూశాడు.

"పెనం లెక్క కాలుతుంది చెల్లె. దోశెలు పోస్కోవచ్చు."

"అయ్యో, ఇప్పుడేం చెయ్యాలండీ?"

"ముందుగాల నన్ను అండీ అనుడు బంద్ చెయ్యి. మీ మేడం నన్ను ఇంజినీరనుకుంటది."

సలీం కడప మనిషి, ఊరుకునే రకం కాదు. గోడకున్న పెద్ద ప్లగ్గు చూపించాడు. అది బట్టలారబెట్టే డ్రయ్యరుది. మేము డాబా మీద ఎండలో ఆరేస్తాం కాబట్టి డ్రయ్యరుతో పెద్దగా పని పడేది కాదు. "ఏముందన్నా, డ్రయ్యరు వైరు కోసేసి లైట్లన్నీ దానికే కలిపేస్తే సరిపోతాది."

"సరిపోతది తమ్మీ. ఇల్లు గూడ దాంతోనే సరి." రాజన్న నవ్వలేదు. "దీనెన్క లావు తీగ ఉంది, కరెంటు ఎక్కువైతే ఆపే దాని బ్రేకరు గూడ లావుదే. లైటు తీగ సన్నది. సన్నది కాలి బొగ్గయినా లావు బ్రేకరు పడిపోదు, దానికి తెల్వనే తెల్వది. సన్న తీగకు దాని బ్రేకరు దానికుండాలె."

వాళ్ల ఇంజినీరుకు చూపించి, ఒప్పుకున్నాకే పని మొదలుపెట్టాడు. లైట్ల మీద రాసి ఉన్న కరెంటు లెక్కలన్నీ కూడి, ఆ ప్లగ్గు మోయగలిగిన దానికంటే బాగా తక్కువే ఉందని చూసుకున్నాడు. మూతా తాళమూ ఉన్న చిన్న డబ్బా గోడకి బిగించాడు. ఆ ప్లగ్గుకి సరిపడే లావు వైరు డబ్బాలోకి వచ్చింది. లోపల ఒక్కో లైటుకి ఒక్కో చిన్న బ్రేకరు. వాటన్నిటికీ ముందు, తడి తగిలి కరెంటు దారితప్పితే ఆ క్షణమే ఆపేసే బ్రేకరు ఇంకొకటి. కుండీల్లో నీళ్లు పోస్తాం కదా, అందుకని ప్రతి వైరునీ కిందికి వంచి మళ్లీ పైకి ఎత్తి కట్టాడు, చుక్క జారినా వంపు దగ్గరే కింద పడిపోయేలా. ఆ ప్లగ్గులో డబ్బా వైరు ఉన్నంతసేపు డ్రయ్యరు పెట్టే వీలే లేదు. అదే మంచిదన్నాడు. చివరికి ఒక్కో బ్రేకరు కింద టేపు అంటించి, పైన ఇంగ్లీషులోనూ కింద తెలుగులోనూ ఏదో రాశాడు.

"ఏది దేనిదో పేర్లు రాసిన. ఇండ్ల మల్లె లైటు ఏది, సూపియ్యి."

"మొదటిదండీ... మొదటిదన్నా. గుర్తుపెట్టుకున్నాను."

"సదివి సూపియ్యి."

నాకు చదువు రాదని చెప్పాను. ఆయన తాళంచెవి జేబులో వేసుకున్నాడు. పగలు ఇంట్లో ఉండేది నేనూ మామానే. డబ్బా బాధ్యత చదవగలిగిన మనిషికే ఇవ్వాలని కాంపౌండు రూలు. లేదంటే విప్పి తీసుకుపోతారు. "కాంపౌండోళ్లు వచ్చే తనిఖీ దాక ఆగుతా చెల్లె. గప్పటికి రాకపోతే విప్పుత" అన్నాడు. రాతిమనిషి అనుకున్నాను. మామా మొహం చూడలేక ఆ పూట కిందికి దిగిపోయాను.

తర్వాతి వారం నుంచి ఆయన ప్రతి శుక్రవారం సెలవులో వచ్చేవాడు. మామా కుర్చీ పక్కనే నేలమీద కూర్చుని, టేపు మీది మాటలు ఒక్కొక్కటే నా వేలు పట్టి దిద్దించేవాడు. మామాకి భాష తెలియకపోయినా, నేను తప్పు చదివితే ఆయన మొహం చూసి పసిగట్టేసి, "మాఫీ, మాఫీ!" అని, అంటే లేదు లేదని, చెయ్యి ఊపి నవ్వేది. ఒకరోజు విసిగిపోయి, ఈ వయసులో నన్నెందుకు చంపుతావన్నా అన్నాను. ఆయన వంగిన వేళ్లు ముందుకు చాపాడు.

"సైటు మీద నేను తీగలు కలుపుతున్న. కింద బోర్డుకు అట్ట కట్టిన, మనిషి పని చేస్తుండు, ఆన్ చెయ్యద్దు అని. మా బామ్మర్ది వచ్చి లైటు ఎలుగుతలేదని నొక్కిండు. నాలుగు భాషలల్ల రాసి ఉండె. వానికి ఒక్కటి రాదు." చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "నేను బతికిన. వాడు ఇంటికి పోయిండు. ఫోన్ జేస్తే ఎత్తడు. తప్పు నీది గాదురా అని చెప్దామంటే ఇనడు."

ఆ తర్వాత నేను విసుక్కోలేదు. తనిఖీ రోజున అన్ని పేర్లూ చదివాను. తాళంచెవి నా అరచేతిలో పెట్టాడు, మెచ్చుకోలేదు. మా ఊరి నుంచి తెచ్చుకున్న గోంగూర గింజలు కొత్త కుండీలో మొలిచాయని చెప్తే, టేపూ కలమూ నా చేతికిచ్చి "రాయి" అన్నాడు. రాశాను. వంకరగా వచ్చింది. తీసేసి మళ్లీ రాస్తానంటే వద్దన్నాడు. "సక్కదనం ఎవనికి గావాలె? మనం లేనప్పుడు వచ్చినోనికి తెలిస్తే చాలు."

చాలా నెలలు అలా గడిచాయి. మామా మళ్లీ అన్నం తింటోంది. ఒక ఎండాకాలం ఉదయం రాజన్న, పనివాళ్లుండే క్యాంపులో, డ్యూటీ బస్సుకి లేవలేదు. రూములో వాళ్లు తట్టి చూస్తే నిద్రలోనే పోయాడు. ఆ మాట సలీం వంటింటి గుమ్మంలో నిలబడి చెప్పాడు. మామాకి మేడం చెప్పింది. ఆవిడ మేడమీదికి తీసుకెళ్లమంది. మల్లె కుండీ దగ్గర కూర్చుని చాలాసేపు ఏడ్చింది. నేను ఏడవలేదు. ఆయన బామ్మర్దికి ఫోన్ ఎవరు చేస్తారా, ఇప్పుడైనా ఎత్తుతాడా అని అదే ఆలోచిస్తూ ఉండిపోయాను.

మర్నాడు ఉదయం కాంపౌండు వెనక మెయింటెనెన్స్ షెడ్డులో ఆయన సామాను కడుతున్నారని తెలిసి, మేడంని అడిగి వెళ్లాను. ఆయన రూములో ఉండే మల్లేశ్ ఊరికి పంపే రెండు అట్టపెట్టెలకి తాడు చుడుతున్నాడు.

"ఇంగ్లీషుల కంపెనీ కాయిదం అంటించిన్రు అక్కా. ఇంట్ల అన్న పెండ్లానికి, వదినెకు, తెలుగే వస్తది. నాకా, సంతకం తప్ప రాదు. జర నువ్వు రాస్తవా?"

లావు మార్కరు తీసుకున్నాను. ఏ పెట్టెలో ఏముందని అడిగాను. ఒకదాన్లో పనిముట్లు, రెండోదాన్లో బట్టలు అన్నాడు.

"బట్టల్లో పైన ఏముంది?"

మల్లేశ్ తల దించుకున్నాడు. "మొన్న డ్యూటీకి ఏసుకున్న అంగీ. ఉతకలే. ఎట్ల ఉతుకుతం అక్కా."

రెండిటి మీదా ఆయన పేరూ ఊరూ రాశాను. ఒకదాని మీద పనిముట్లు అని రాశాను. రెండోదాని ముందు నేలమీద కూర్చుని, ఒక్కో అక్షరం నోటితో అనుకుంటూ ఇలా రాశాను: "బట్టలు. అన్న తొడిగి విడిచిన చొక్కా పైనే ఉంది. కూర్చుని విప్పు వదినా. ఒక్కదానివే ఉన్నప్పుడు విప్పకు."

మల్లేశ్ అడిగితే పైకి చదివి వినిపించాను. తాడు కొన్ని అక్షరాలను కప్పేస్తోంది. ఇద్దరం కలిసి ముడి విప్పి, పక్కకి జరిపి మళ్లీ కట్టాం.