పడవ లెక్కకు అయిదు మార్కులు

నా సుద్దముక్క మీద ఒట్టు, నల్లబల్ల మీద ఒట్టు, ఇందులో ప్రతి అక్షరమూ నిజం. నన్ను ఎరిగినవాళ్ళు ఈ మాట దగ్గరే నవ్వుతారు. నవ్వనివ్వండి.

1967. రేపల్లెలో ఒక హైస్కూల్లో లెక్కల మాస్టారుగా చేరి మూడేళ్ళయింది. కాపురం తెనాలిలో. రోజూ ప్యాసింజరు బండిలో రాకపోకలు. ఆ బండి ఎంత నిదానమంటే, ఓసారి వేమూరు దాటాక పట్టాల పక్కన తాటిముంజలు కనిపిస్తే దిగి, నాలుగు తిని, చెయ్యి కడుక్కుని, మళ్ళీ అదే పెట్టె ఎక్కాను. ఇది కథకు అవసరం లేదు గానీ, జరిగింది కాబట్టి రాశాను.

మా బడి పిల్లలు చాలామంది హోంవర్కు చేసేది ఆ బండిలోనే. వాళ్ళకో పద్ధతి ఉండేది. లెక్కల పుస్తకం చివర జవాబులుంటాయి కదా, ముందు ఆ జవాబు కాగితం అడుగున రాసేవాళ్ళు. తర్వాత పైనుంచి కొంత కిందికి దిగి, అడుగునుంచి కొంత పైకి పాకి, మధ్యలో ఎక్కడో రెండూ అతికించేవాళ్ళు. అతికిన చోట తప్పకుండా ఓ సిరా మరక! స్టెప్పులు, అంటే లెక్కలో వరసగా వేసే మెట్లు, చూడ్డానికి మాత్రం ముచ్చటగా ఉండేవి. నేనూ అడుగున జవాబు చూసి టిక్కు పెట్టేవాణ్ణి. నలభై నోటుబుక్కులు దిద్దేవాడికి అంతకన్నా తీరికెక్కడిది?

ఆ ఏడు పడవ లెక్క ఇచ్చాను. ప్రవాహం వెంట పన్నెండు మైళ్ళు రెండు గంటల్లో పోయిన పడవకు, ఎదురునీటిలో తిరిగి రావడానికి మూడు గంటలు పట్టింది. ప్రవాహం వేగమెంత? పుస్తకం వెనక జవాబు గంటకు రెండు మైళ్ళని ఉంది. పోయేటప్పుడు గంటకు ఆరు, వచ్చేటప్పుడు నాలుగు, తేడా రెండు. నేనూ బోర్డు మీద అలాగే చేసి చూపించాను. క్లాసంతా రెండని రాసింది. గంగ ఒక్కతే ఒకటని రాసింది.

గంగ తండ్రి కోటయ్య. సముద్రం మీద వేటకు పోయే కుటుంబంలో పుట్టి, కాలవ మీద సరుకు పడవ నడుపుకుంటున్నాడు. ఆ పిల్ల హోంవర్కులో ఇంటూ పెట్టాను. తర్వాత సెలక్షన్ పరీక్ష వచ్చింది. పబ్లిక్ పరీక్షకు ఎవరిని పంపాలో తేల్చేది అదే. బద్ధకించి అందులోనూ అదే లెక్క ఇచ్చాను. గంగ మళ్ళీ ఒకటనే రాసింది. నేను మళ్ళీ సున్నా వేశాను. మొత్తం ముప్ఫయి ఒకటి. పాసవడానికి ముప్ఫయి అయిదు కావాలి. ఆ లెక్కకున్నవి అయిదు మార్కులు.

సాయంత్రం లిస్టు అంటిస్తారనగా, పొద్దున్నే తండ్రీకూతుళ్ళు హెడ్మాస్టరుగారి గదికి వచ్చారు. నేనూ అక్కడే ఉన్నాను.

“పేరు లేకపోతే లేదని చెప్పేయండయ్యా. రేపట్నుంచి వాళ్ళమ్మతో చేపల గంపెత్తుద్ది. మళ్ళీ ఏడాది చదివించే ఓపిక నాకు లేదండి,” అన్నాడు కోటయ్య.

గంగ నా మొహంలోకే చూసింది. “సార్, పోయేటప్పుడు నీళ్ళు గంటకో మైలు తోసినియ్యి. వచ్చేటప్పుడు అదే మైలు వెనక్కి లాగినియ్యి. తేడా రెండవుద్ది గాని, నీళ్ళు రెండు కాదండి. సగం చెయ్యాలండి.”

“పుస్తకం కంటే నీకెక్కువ తెలుసుటే?” అన్నాను.

కోటయ్యకు రోషమొచ్చింది. “ఏంటి పంతులుగారూ, మా కాలవ మీ పుస్తకం చదివి పారుద్దంటారా? పడవ రేవులోనే ఉంది. ఎక్కండి, తేల్చుకుందాం!”

నేను నోరు తెరిచేలోపే హెడ్మాస్టరుగారు గంగ జవాబు కాగితం మడిచి జేబులో పెట్టుకుని లేచారు. “పదవయ్యా! లెక్కల్లో ఇంత మజా ఉందని నా చిన్నప్పుడు ఎవరూ చెప్పలేదే!”

కాలవ గట్టు మీద ఫర్లాంగుకో రాయి, మైలుకు ఎనిమిది రాళ్ళు. కోటయ్య గెడ వేశాడు. ప్రవాహం వెంట మైలు దూరం పావుగంట. ఎదురునీటిలో అదే మైలు అరగంట. అంటే గంటకు నాలుగూ, రెండూ. నా పద్ధతిలో నీళ్ళ వేగం రెండు మైళ్ళు, గంగ పద్ధతిలో ఒకటి. ఇక నీళ్ళనే అడగాలి. ఒక రాయికి ఎదురుగా ఖాళీ కొబ్బరిబొండాం వదిలాం. పావుగంటలో అది అక్కణ్ణుంచి నాలుగో రాయి దాకా పోతే నాది ఒప్పు, రెండో రాయి దగ్గరే ఉంటే గంగది.

రేవులో గడ్డిమోపులు దించేవాళ్ళు దించడం మానేసి మా వెంటపడ్డారు. హెడ్మాస్టరుగారు పంచె ఎగ్గట్టి, గడియారం చూస్తూ, నిమిషాలు అరుస్తూ పరుగు. నేను గట్టు మీద నుంచి “పదవే తల్లీ, పద!” అని బొండాన్ని బతిమాలుతున్నాను. ఉఫ్ అని ఊదాను కూడా.

పదమూడో నిమిషంలో, రెండో రాయి ఇంకా రాకముందే, అది గుర్రపుడెక్క గుబురులో ఇరుక్కుంది.

“చెల్లదు!” అని నేను గగ్గోలు పెట్టేలోపు గంగ మోకాలిలోతు నీళ్ళలోకి దిగింది. బొండాం తీసి చంకన పెట్టుకుంది. “మళ్ళీ మొదట్నించీ వదుల్దాం సార్. ఇరుక్కున్న కాయతో గెలిస్తే అదేం గెలుపండి?”

రెండోసారి ఎవరూ అరవలేదు. బొండాం తొణక్కుండా, బెణక్కుండా నడిమధ్యన సాగింది. “పావుగంట!” అన్నారు హెడ్మాస్టరుగారు. అది సరిగ్గా రెండో రాయికి ఎదురుగా ఉంది. నాలుగో రాయి ఎక్కడో దూరాన, నన్ను చూసి నవ్వుతున్నట్టుంది.

కోటయ్య నా దగ్గరకొచ్చాడు. “నాకు లెక్కలు రావండి. మా పిల్లకొచ్చా, రాదా? అదొక్కటి చెప్పండి.”

“వచ్చు,” అన్నాను.

పడవ అంచు మీదే కాగితం పరిచి, సున్నా కొట్టేసి అయిదు వేశాను. ముప్ఫయి ఆరు. నేను నేర్పిందే రాశారు కనుక మిగతా పిల్లల మార్కుల జోలికి పోలేదు. సాయంత్రం లిస్టులో గంగ పేరుంది. ఇప్పుడు బాపట్లలో ఒక బళ్ళో లెక్కలు చెబుతోంది.

అప్పట్నుంచి, ముందే జవాబు తెలిసే లెక్క హోంవర్కుగా ఇవ్వడం మానేశాను. పిల్లల జవాబు నాదానితో కలవకపోతే, ఎర్రసిరా పెన్ను మూత తీసేముందు నా లెక్క నేను మళ్ళీ చేసుకుంటాను.

ఇక ఒట్టు తీసి గట్టు మీద పెడతాను. పడవ నిజం, బొండాం నిజం, నీళ్ళలోకి దిగిన పిల్ల నిజం. తాటిముంజలు నాలుగు కాదు, రెండు. కల్పించిందల్లా పుస్తకం వెనక జవాబు. ఆ లెక్క ఏ పుస్తకంలోనూ లేదు. కట్టింది నేనే, జవాబు రెండని క్లాసులో చెప్పిందీ నేనే. ఆ రోజు గట్టు మీద హెడ్మాస్టరుగారు “తప్పెక్కడ జరిగిందయ్యా?” అంటే, “అచ్చుతప్పండి,” అన్నాను. ఎవరూ పుస్తకం తెరిచి చూడలేదు. పక్కనే తడి పావడా పిండుకుంటున్న గంగ తలెత్తి నా వంక చూసి, మళ్ళీ తల దించుకుంది.