రుమాలు దాకా వచ్చిన చెయ్యి

ఆ రోజు నాకు ఫస్ట్ షిఫ్టు. చీకటితోనే లేచి, బూట్లు వేసుకుని లేసులు కట్టుకోబోతే ఎడమ చేతి వేళ్ళకు పట్టు దొరకలేదు. లేసు జారిపోతూనే ఉంది. రాత్రి చెయ్యి ఒంటి కింద పడి తిమ్మిరెక్కిందేమో అనుకున్నాను. మా ఆవిడ లక్ష్మి కొబ్బరినూనె వేడి చేసి రుద్దడం మొదలుపెట్టింది. గనిలో కప్పు కూలకుండా సపోర్టులు పెట్టే పని నాది. దుంగలెత్తిన చెయ్యి లేసు దగ్గర మొరాయించడమేమిటని నాకు కోపం కూడా వచ్చింది. ఇప్పుడే తగ్గుతుందంటూ పొద్దెక్కేదాకా కూర్చున్నాను. నా మూతి ఒక పక్కకు పోవడం చూసి లక్ష్మి కేక పెట్టాకే దవాఖానకు బయలుదేరాం.

సీటీ స్కాన్ తీశారు. "స్ట్రోక్. మెదడులో క్లాట్ ఉంది. ఎప్పుడు మొదలైంది?" అని డాక్టరు అడిగాడు. చెప్పాం. "అప్పుడే వస్తే క్లాట్ కరిగించే ఇంజక్షన్ ఇచ్చేవాళ్ళం. ఇప్పుడు టైం దాటిపోయింది" అన్నాడు. లక్ష్మి కొంగుతో నూనె చేతులు తుడుచుకుంటూ నిలబడింది.

డిశ్చార్జి అయ్యేసరికి కర్ర పట్టుకుని నడవగలుగుతున్నాను. చెయ్యి మాత్రం ఎవరిదో తెచ్చి నాకు తగిలించినట్టుండేది. లుంగీ లక్ష్మే కట్టాలి. అన్నంలోకి పప్పు ఆమే కలపాలి. సిగ్గుతో చచ్చిపోయేవాణ్ణి.

ఫిజియోథెరపీ చేసే డాక్టరుది గుంటూరు వైపు. మెత్తగా మాట్లాడతాడు గానీ ఉన్నమాట దాచడు. "మొదటి ఆరు నెలలు మీకు బంగారమండీ. రెండు చేతులతో కలిపి చేసే పని ఏదైనా చేయండి. వాడకపోతే బిగుసుకుపోద్ది. అప్పుడు నేను కూడా ఏం చేయలేను" అన్నాడు. పిసకమని ఒక రబ్బరు బంతి ఇచ్చాడు. ఈ వయసులో బంతాట ఏమిటని దాన్ని మంచం కిందికి తోసేశాను.

మా బిడ్డ మౌనిక డిగ్రీ అయ్యి ఇంట్లోనే ఉంది. ఆ నెలలోనే కాలనీ కమ్యూనిటీ హాల్లో కుట్టు క్లాసులో చేరింది. మొదట్లో వాళ్ళకు దారం కూడా ఇవ్వలేదు. పాత పేపరు మీద గీతలు గీసి, ఖాళీ సూదితో ఆ గీత వెంట మిషన్ తొక్కమన్నారట. చిల్లుల పేపరు ఇంటికి తెచ్చి చూపించింది. "పేపరు సదువుమంటే జల్లెడ జేసినవా బిడ్డా?" అని ఏడిపించాను. స్ట్రోక్ వచ్చాక నేను వేసిన మొదటి జోకు అదే.

తర్వాత చేతికుట్టు నేర్పారు. ఒక సాయంత్రం గుడ్డ పట్టుకొచ్చి నా పక్కన కూర్చుంది.

"బాపూ, గీ అంచును ఎడమ చేత్తోని అదిమిపట్టు. నేను కచ్చాకుట్టు ఏస్త."

"గా చెయ్యి పనికొస్తే నాకీ తిప్పలెందుకు?"

"పట్టు బాపూ. జారితే మల్ల పట్టుదువు."

జారింది. చాలాసార్లు జారింది. అయినా క్లాసులో పొద్దున నేర్చుకున్నది సాయంత్రం నాకు నేర్పడం ఆమె మానలేదు. కొన్నాళ్ళకు గుడ్డ బొటనవేలి కింద ఆగింది. ఇంకొన్నాళ్ళకు నేను ఎడమ చేత్తో మడత పట్టుకుని, కుడి చేత్తో సూది దించగలిగాను. అలా నాలుగు వైపులా అంచు కుట్టి ఒక రుమాలు పూర్తి చేశాను. "టైలర్ సాబ్, కుట్టు గింత వంకర వోయిందేంది?" అని లక్ష్మి నవ్వింది. నాకు ఏడుపొచ్చింది, ఆపుకోలేదు. ఆ ఉత్సాహంలోనే దిండు గలీబు మొదలుపెట్టాను.

గలీబు ఒక వైపు అయిందో లేదో, మా బావమరిది సమ్మయ్య వచ్చాడు. అతనిదీ గనిలోనే పని. వరండాలో నన్ను చూసి, గుడ్డ లాక్కుని లోపలికి విసిరాడు.

"ఏంది బావా గిది? బోర్డుకు పోయెటోనివి, బయట కూసోని గలీబులు కుడుతవా? ఎవ్వలన్న సూస్తే ఏమైతది?"

మా వైపు ఈ సంగతి తెలియని ఇల్లుండదు. జబ్బుపడిన కార్మికుణ్ణి మెడికల్ బోర్డు చూసి అన్‌ఫిట్ అంటే, అతని పిల్లల్లో ఒకరికి కంపెనీలో ఉద్యోగం వస్తుంది. మేము మౌనిక పేరు ఇచ్చాం.

"చెయ్యి మంచిగయిందని ఒక్కడు చెప్పిండనుకో, పిల్ల నౌకరి గంగల గలుస్తది" అన్నాడు సమ్మయ్య.

"జరన్ని దినాలు ఆగయ్యా. బోర్డు అయినంక నీ ఇష్టమున్నంత కుట్టుకో" అంది లక్ష్మి.

నేను మౌనిక వైపు చూశాను. ఆమె తల వంచుకుని, సూది గుచ్చి ఉన్న గలీబును అలాగే మడతపెట్టి లోపలికి తీసుకెళ్ళింది. ఆమెను ఏమనగలను? ఉద్యోగం కోసం ఎన్ని పరీక్షలు రాసి ఎంత అలసిపోయిందో నాకు తెలుసు. ఆ నౌకరి ఆమెకు రావాలని అందరికన్నా ఎక్కువగా నేనే కోరుకున్నాను. చెడ్డవాళ్ళు ఎవరైనా ఉంటే తిట్టి ఊరుకునేవాణ్ణి, కానీ మా ఇంట్లో అందరూ నా మంచి కోరేవాళ్ళే.

ఫిజియోథెరపీ కూడా ఆపించారు, అక్కడ తెలిసినవాళ్ళు కనబడతారని. బోర్డు తేదీ వాయిదా పడుతూ పోయింది. ఎవరైనా వస్తే లక్ష్మి నా చేతి మీద తువ్వాలు కప్పేది. తలుపు మూసుకుని కుట్టుకోవచ్చు కదా అని మీరనవచ్చు. ఒకటి రెండుసార్లు గుడ్డ తీశాను. లక్ష్మి తలుపు వైపు చూసే చూపు భరించలేక పెట్టేశాను. వేళ్ళు మెల్లగా లోపలికి ముడుచుకున్నాయి. గోళ్ళు తీయడానికి లక్ష్మి నా పిడికిలిని బలవంతంగా విప్పాల్సి వచ్చేది. కళ్ళముందే చెయ్యి పోతుంటే చూస్తూ కూర్చున్నాను.

చివరికి బోర్డు ముందుకు పిలిచారు. గుమ్మం దాకా వచ్చి సమ్మయ్య, "చెయ్యి జరంత గూడ లేపకు బావా" అని చెవిలో చెప్పాడు.

డాక్టరు కాగితాలు చూసి, "ఎడమ చెయ్యి పైకెత్తండి" అన్నాడు.

ఆ క్షణంలో నాకు మొండితనం వచ్చింది. నా చెయ్యి నాదే, ఎత్తి చూపిస్తాననుకున్నాను. ఒంట్లో బలమంతా పెట్టాను. భుజం కదిలింది, చెయ్యి రాలేదు. వేళ్ళు తెరవమన్నాడు. ఒక్కటి కూడా తెరుచుకోలేదు. చెమటలు కారిపోయాయి. "చాలు, చాలు. కూర్చోండి" అన్నాడు డాక్టరు.

బయటికొచ్చాక నా వాలకం చూసి సమ్మయ్య వీపు తట్టాడు. "మస్తు జేసినవ్ బావా!" అన్నాడు.

ఆటోలో మౌనిక నా పక్కన కూర్చుంది. కొంత దూరం పోయాక మెల్లగా అడిగింది.

"బాపూ, నిజంగనే లేస్తలేదా?"

"నిజంగనే బిడ్డా."

ఆమె నా పిడికిలిని తన ఒళ్ళోకి తీసుకుని, వేళ్ళు విప్పాలని చూసింది.

నన్ను అన్‌ఫిట్ అన్నారు. మౌనికకు గని మీద స్టోరులో ఉద్యోగం వచ్చింది. అప్పుడు మళ్ళీ ఫిజియోథెరపీ డాక్టరు దగ్గరికి వెళ్ళాను. నా పిడికిలి విప్పబోయి ఆగిపోయాడు. "ఇన్ని నెలలు ఎటు పోయారండీ?" అన్నాడు. దాచకుండా చెప్పాను. ఆయన తల పట్టుకున్నాడు.

"రుమాలు కుట్టాడని ఎవరైనా మనిషిని బొగ్గుబాయిలోకి దింపుతారా? మీ నడక, మీ బీపీ, మీ స్కాన్ చూస్తే చాలదా? చెయ్యి బాగైనా మిమ్మల్ని అండర్‌గ్రౌండ్‌కు ఫిట్ అనేవాళ్ళు కాదు. నన్నొక్క మాట అడగాల్సింది కదండీ."

లక్ష్మి అక్కడే కుర్చీలో కూలబడి ఏడ్చింది. నాకు ఏడుపు కూడా రాలేదు.

ఇప్పుడు డ్యూటీకి పోయేముందు మౌనిక రోజూ నా వేళ్ళు ఒక్కొక్కటే విప్పి, మళ్ళీ ముడుచుకోకుండా స్ప్లింట్ కట్టి పోతుంది. నొప్పికి పళ్ళు బిగబట్టుకుంటాను. చెయ్యి వస్తుందని డాక్టరు మాట ఇవ్వడం లేదు, నేను అడగడం లేదు. బిడ్డ జీతంతో ఇల్లు బాగానే నడుస్తోంది. ఆమె స్ప్లింట్ కట్టేటప్పుడు నా ముఖంలోకి చూడదు.

ఇది చదివేవాళ్ళకు నేను చెప్పేది ఒక్కటే. బోర్డు కోసమో, బంధువుల మాట మీదో, ఏ కారణానికైనా సరే వైద్యం ఆపాలనిపిస్తే, ఆపే ముందు ఆ వైద్యం చేసే మనిషిని ఒక్క మాట అడగండి. మేము సమ్మయ్య మాట విని, ఆయనను మాత్రం అడగలేదు.