రోడ్డు కడిగిన చేతులు

మా ఆయన పేరు కూర్మయ్య. ఆయన పోయిన మర్నాడు పోలీసు కాగితంలో "మృతుడు కుడివైపు నుంచి అజాగ్రత్తగా రోడ్డుకి అడ్డం వచ్చినందున" అని రాసేరు. మా అమ్మాయి ఝాన్సీ చదివి వినిపించింది. నేను అయిదో తరగతి దాకా చదివినదాన్ని, నాకు కోర్టు తెలుగు తిన్నగా అర్థం కాదు. మళ్ళీ చదవమన్నాను. మళ్ళీ చదివింది. అజాగ్రత్తట! ముప్పయ్యేళ్ళు ఆయనతో కాపరం చేసినదాన్ని. పిసినారి అనండి, మొండోడు అనండి, ఊరుకుంటాను. ఆ మాట మాత్రం అననివ్వను. ఆయన ఎలాటి మనిషో ఒకరు చెప్పాలి కదా, అందుకే రాస్తన్నాను.

మాది నెల్లిమర్లకి ఎనిమిది కిలోమీటర్ల అవతల గెడ్డ పక్క ఊరు. పల్లంలో కొంచెం వరి, మెట్టలో గోగు. గోగు కోసి మోపులు కట్టి గెడ్డనీటిలో ఊరేస్తాం. కుళ్ళేక నార ఒలిచి, ఉతికి, ఎండేస్తాం. ఎండేయడానికి ఊరందరికీ కల్వర్టు గోడలే దండేలు. మా అత్తగారి కాలం నుంచీ అంతే. అప్పుడు ఆ రోడ్డు మీద రోజుకి నాలుగు బస్సులు వచ్చేవి. తరవాత కొండ దగ్గర క్వారీ పెట్టేరు. కంకర టిప్పర్లు మొదలయ్యేయి. తెల్లారకముందు నుంచీ ఒకదాని వెనక ఒకటి. ఎన్ని ట్రిప్పులు తోల్తే డ్రైవరుకి అంత కూలీ అట. మరి బండి ఎలా నడుస్తాది? అవి పోతంటే మా వంటింట్లో గిన్నెలు వాటంతటవే మోగేవి.

ఆ రోడ్డు మీద మా ఆయన నడక చూసి ఊరంతా నవ్వేది. నార మోపు సైకిల్ వెనక కట్టి, మోపు చివర నా పాత ఎర్ర రవికె గుడ్డ వేలాడగట్టేవాడు. వెనకాల హారన్ వినబడిందంటే చాలు, దిగిపోయి మట్టిలో నడిపించుకుంటూ పోయేవాడు.

"ఏటి కూర్మయ్య బావా, సైకిల్ తొక్కుతన్నావా, పెళ్ళికూతుర్ని నడిపిత్తన్నావా?" అని టీకొట్టు దగ్గర ఏడిపించేవారు.

"పెళ్ళికూతురైతే దానికదే నడిసి వస్తాదిరా, నార నడవదు కదా," అనేవాడు ఆయన, నవ్వకుండా.

నాకూ చెప్పేవాడు. "ఒసే ఈశ్వరీ, రోడ్డు మీద ముందు సెవులు నడవాల, తరవాత కాళ్ళు." మంచు కాలం వచ్చేసరికి ఒక డబ్బా సున్నం కలిపి, కల్వర్టు గోడలు రెండింటికీ తనే కొట్టేవాడు. ఎందుకయ్యా, అది సర్కారోళ్ళ గోడ కదా అంటే, "గుద్దుకునేది సర్కారోళ్ళు కాదు కదే," అన్నాడు. ఒకసారి క్వారీ గేటు దాకా వెళ్ళి, ఊరు దగ్గర మెల్లగా పొమ్మని అడిగేడు కూడాను. అక్కడున్న గుమస్తా "నీ ఊరికోసం రోడ్డు వేయలేదు బాబాయ్" అన్నాడట. ఇంటికొచ్చి ఆ పూట అన్నం సరిగ్గా తినలేదు.

ఈ మనిషికా అజాగ్రత్త?

అయిదేళ్ళ కిందట, కార్తీకం మూడో సోమవారం. నాకు ఉపవాసం. పొద్దున్న ఏడింటికి ఆయన నార మోపు కట్టుకుని నెల్లిమర్ల వైపు బయలుదేరేడు. మంచు దట్టంగా ఉంది. నేను గడప కడుగుతన్నాను. గున్నమ్మప్ప, అంటే మా తోటికోడలు, రోడ్డు మీంచి కేకేసుకుంటూ వచ్చింది. ఎలా పరిగెత్తేనో నాకు తెలీదు. కల్వర్టు దగ్గర టిప్పరు నాలుగు బారల అవతల ఆగి ఉంది. డ్రైవరు పొలాలకి అడ్డం పడి పారిపోయేడు. ఆయన్ని అంబులెన్సులో ఎక్కించేరు. కొందరు మగవాళ్ళు కూడా వెళ్ళేరు, నన్ను ఎక్కనివ్వలేదు. ఆస్పత్రి దాకా ఆయన ప్రాణం ఆగలేదు. ఆ కబురు ఫోనులో వచ్చేసరికి నేనింకా రోడ్డు మీదే ఉన్నాను.

అప్పుడు మేం చేసిన పని ఒకటుంది. మా వైపు, మనిషి రక్తం నేల మీద పడితే దాన్ని ఎవరూ తొక్కకూడదు. తొక్కితే పోయిన జీవుడు దారి దొరక్క అక్కడే తిరుగుతాడంటారు. అక్కడ చూస్తే బస్సులు, ఆటోలు, మేకలు అన్నీ పక్కనుంచి పోతన్నాయి.

"ఒసే ఈశ్వరీ, కడుగే. అందరూ తొక్కేత్తన్నారే," అని ఏడ్చింది గున్నమ్మప్ప.

నేనే కడిగేను. గెడ్డ నుంచి పదకొండు బిందెలు మోసేను. పేడనీళ్ళు చల్లేను, పసుపు చల్లేను. చీపురుతో తుడిచేను. బళ్ళకి దారి అవ్వాలని మగవాళ్ళు ఆయన సైకిలూ, చెదిరిన నారా తీసుకెళ్ళి అవతలి గోడకి, కుడిచేతి వైపు గోడకి, చేరవేసేరు. పాపం, ఎవరికీ చెడ్డ ఆలోచన లేదు.

పోలీసులు వచ్చేసరికి మధ్యాహ్నం రెండయ్యింది. టేపు తీసి కొలవబోతే అక్కడేముంది? వాకిలి కడిగినట్టుంది రోడ్డు. చక్రాల జాడ లేదు. సైకిల్ చూస్తే కుడివైపు. ఈ లోపల టిప్పరు ఓనరు మనిషి స్టేషనుకెళ్ళి చెప్పవలసింది చెప్పేశాడు, కుడివైపు నుంచి అడ్డం వచ్చేడని. సైకిలూ అక్కడే ఉంది మరి. మా మాట అడగలేదు. అడిగినా ఆ పూట నేనేం చెప్పగలను? రాసేసుకుని పోయేరు.

పన్నెండో రోజు కర్మ అయ్యింది. పద్నాలుగో రోజున అదే టిప్పరు మా ఇంటి ముందు నుంచి కంకర వేసుకుని పోయింది. నంబరు నాకు కంఠతా వచ్చు. పూచీ మీద వదిలేసేరట. మనిషిని తిరిగి ఇవ్వలేరు గాని, బండిని మాత్రం ఎంత తొందరగా ఇచ్చేసేరో! నేను గుమ్మంలో నిలబడి దాన్నే చూసేను. ముందు బంపరు ఎడమ మూల ఒక్కటే కొత్త రంగు వేసి ఉంది. మిగతా అంతా పాతదే.

"ఝాన్సీ, కుడి నుంచి వచ్చిన మనిషి తగిల్తే ఎడమ మూలకి రంగెందుకే?" అన్నాను.

అది నా మొహం చూసింది. మర్నాడే విజయనగరంలో లాయరు సుహాసిని గారి దగ్గరికి తీసుకెళ్ళింది. ఆవిడ అంతా విని, సైకిల్ ఎక్కడుందని అడిగేరు. మా పశువుల సాలలో ఉంది. ముందు చక్రం తిప్పితే ఇప్పటికీ తిరుగుతాది. వెనక చక్రం మాత్రం అప్పడంలా మడతపడి ఉంది. "దాన్ని ఎవరికీ ఇవ్వకండి, తుడవకండి, కడగకండి," అన్నారు. కడగకండి అన్నప్పుడు నాకు తల ఎత్తడం కష్టమైంది.

కేసు వేసిన రెండో ఏడు లోక్ అదాలత్‌కి పిలిచేరు. టిప్పరు బీమా కంపెనీ లాయరు చాలా మర్యాదగా మాట్లాడేడు. సగం తప్పు మీ వాళ్ళదని ఒప్పుకుంటే సగం సొమ్ము ఇచ్చేస్తారట, ఈ రోజుతో అయిపోతుందట. తోడొచ్చిన గున్నమ్మప్ప నా చెయ్యి గిల్లింది.

"పోయినోడికి తప్పేటి, ఒప్పేటే? సంతకం పెట్టీ. పిల్ల పెళ్ళీడుకొచ్చింది."

"పెట్టను."

"నీకు అన్నం పెడతాదా ఆ మాట?"

"పెట్టదు అప్పా. కాని ఆ మాట ఉంటే నేను తినలేను."

సుహాసిని గారు ఇంకా ఏళ్ళు పడుతుందన్నారు. పట్టనీ అన్నాను. నా జన్మలో అంత గట్టిగా ఎవరితోనూ మాట్లాడలేదు. సంతకం మాత్రం పెట్టలేదు.

బోనులో నిలబడ్డ రోజున ఆ కంపెనీ లాయరు మర్యాద కాస్తా మానేశాడు.

"రోడ్డు కడిగింది నువ్వేనా?"

"నేనే బాబూ."

"సాక్ష్యం మాయం చెయ్యడానికేనా?"

"మీ ఇంటి మనిషి రక్తం రోడ్డు మీద ఉంటే, బాబూ, బస్సులు తొక్కుతుంటే చూస్తూ కూచుంటారా?"

"అడిగినదానికి జవాబు చెప్పు. కల్వర్టు మీద నార ఆరేస్తారట. రోడ్డేమైనా మీ పెరడా?"

"మా పెరడు కాదు బాబూ. ఆ టిప్పరు ఓనరుదీ కాదు."

వెనక ఎవరో నవ్వేరు. జడ్జిగారు నవ్వలేదు, తల ఎత్తి నన్ను చూసేరు. అప్పుడు సుహాసిని గారు లేచి ఒక కాగితం చదివేరు. టిప్పరు పట్టుకున్న మూడో రోజున బ్రేక్ ఇన్‌స్పెక్టరు దాన్ని చూసి రాసినదట. "బంపరు ఎడమ మూల నొక్కుకుపోయినది. ముందు ఎడమ చక్రానికి గోగునార చుట్టుకుని ఉన్నది." ఆవిడ అడిగేరు, కుడి నుంచి అడ్డం వచ్చిన మనిషి ఎడమ చక్రం కిందికి ఎలా వెళ్ళేడు? సైకిల్ వెనక చక్రమే ఎందుకు మడతపడింది? ఎడమ అంచున తన దారిన తను నడుస్తంటే వెనకనుంచి వచ్చి గుద్దేరు. వేరే లెక్క ఏదైనా ఉంటే చెప్పమనండి అన్నారు.

కంపెనీ లాయరు కాగితాలు తిరగేశాడు.

నాకు ఒళ్ళు మండింది ఎక్కడంటే, ఆ బ్రేక్ ఇన్‌స్పెక్టరు కాగితం మొదటి వారం నుంచీ పోలీసుల కట్టలోనే ఉంది. అజాగ్రత్త అని రాసిన కాగితం కిందే. ఒక్క ఆకు తిప్పితే కనబడేది. తిప్పడానికి ఎవరికీ తీరిక లేకపోయింది. మూడేళ్ళు, నాలుగేళ్ళు మా ఆయన తప్పు చేసినవాడిగా ఆ కట్టలో పడున్నాడు. నేను కడిగింది తప్పే, ఒప్పుకుంటాను. నాకు తెలీక చేసిన తప్పు. చదువుకుని, టోపీ పెట్టుకుని, జీతం తీసుకుని చేసినవాళ్ళ తప్పుని ఏమనాలి?

పోయిన ఆషాఢంలో తీర్పొచ్చింది. కంపెనీ వాళ్ళు సొమ్ము ఎక్కువైందని పైకోర్టుకి వెళ్ళేరట, వెళ్ళనీ. ఆ తీర్పు కాగితంలో ఒక వరస ఉంది. ఝాన్సీ చదవబోతే ఆపి, వేలు పెట్టి కూడబలుక్కుని నేనే చదివేను. "ఈ ప్రమాదమందు మృతుని అజాగ్రత్త లేశమైనను లేదు." లేశమైనను అన్న దగ్గర కొంచెం తడబడ్డాను. ఆ పూట ఆయన సున్నం డబ్బా కడిగి, బోర్లించి పెట్టేను.

ఇది ఇక్కడితో అయిపోయిందనుకున్నాను. మొన్న మార్గశిరంలో, పొద్దున్నే, అదే కల్వర్టు దగ్గర పాలు పోసే జగన్నాధాన్ని ఇంకో టిప్పరు గుద్దింది. దేవుడి దయ, కాలు విరిగింది గాని ప్రాణం ఉంది. అంబులెన్సు వచ్చి తీసుకెళ్ళింది. నేను వెళ్ళేసరికి రోడ్డు మీద రక్తం, పాలు కలిసి ఉన్నాయి. ఆడవాళ్ళు గెడ్డ నుంచి బిందెలతో వస్తన్నారు. అందరికన్నా ముందు గున్నమ్మప్ప. మగవాళ్ళు మోటారు సైకిల్ ఎత్తబోతన్నారు.

ఆగండని కేకేసి, నేను ఇంటికి పరిగెత్తి ఝాన్సీ ముగ్గుపిండి గిన్నె తెచ్చేను. ఆయన పోయేక ఆ పిండి నేను ముట్టుకోలేదు. రక్తం చుట్టూ గీసేను. మోటారు సైకిల్ పడ్డచోట, రెండు చక్రాల చుట్టూ గీసేను. రోడ్డు మీద నల్లగా ఉన్న టిప్పరు జాడకి అటూ ఇటూ, అది మొదలైన దగ్గర నుంచి ఆగిన దాకా, వంగి గీసుకుంటూ పోయేను.

"ఒసే, రక్తం సుట్టూ ముగ్గేటే! మతి గాని పోయిందేటి నీకు?"

"ముగ్గు కాదు అప్పా, గీత. పోలీసోళ్ళు కొలుసుకున్నాక కడుగుదాం. నేనే కడుగుతాను."

"బళ్ళాగిపోతన్నాయి పిన్నీ, తప్పుకో," అన్నాడొకడు. వెనకాల నాలుగు టిప్పర్లు, హారన్లు.

"ఆగనీ."

గున్నమ్మప్ప నన్ను చూసింది. గీతల్ని చూసింది. నిండు బిందె దించి గీత పక్కన పెట్టి, రోడ్డు మధ్యన నా పక్కన నిలబడింది. "ఆగమంటంది కదరా, ఇనబడదా?" అంది వాడితో.

ఈసారి తొమ్మిదింటికే వచ్చేరు పోలీసులు. కానిస్టేబులు బూటుతో లోపలికి అడుగేయబోతే, "బాబూ, గీత తొక్కకు. ముందు రాసుకో," అన్నాను. నా మొహంకేసి చూసి, కాలు వెనక్కి తీసుకుని టేపు తీశాడు.

కానిస్టేబులు అంతా కొలిచి, ఎడమవైపు అని రాసుకున్నాక, గున్నమ్మప్పా నేనూ రోడ్డు కడిగేం.