అయ్యన్న కలిపిన వరస

మా తమ్ముడు అయ్యన్నకు మనిషి కనబడితే చాలు, చుట్టరికం కలపకుండా వదలడు. పేరు అడగడు, ఊరు అడుగుతాడు. ఊరు చెప్పినారా, అయిపోయినట్టే. బీడీ కాలి ఆరేలోగా వాళ్లు మనకు మామో బావో అయి కూర్చుంటారు.

ఒకసారి టికెట్టు కొట్టేదానికొచ్చిన కండక్టరును హాలహర్వి సంబంధం కింద అల్లుణ్ని చేసినాడు. ఆయప్ప సిగ్గుపడి టికెట్టు మరిచి ముందుకు పోయినాడు. అంతలో చెకింగోళ్లు ఎక్కినారు. వాళ్లలో మద్దికెరాయన్ని బామ్మర్దిని చేసినా ఫైను తప్పలేదు. "బామ్మర్దులంతా అంతేలేక్కా" అన్నాడు ఇంటికొచ్చి.

మొన్న నా మనవడు మధు పెండ్లాన్ని తీసుకోని మొదటిసారి ఎమ్మిగనూరుకు వస్తాండానన్నాడు. నా కొడుకు మగ్గాల పనికని భివండికి పోయి ఆడనే నిలబడినాడు, మధు పుట్టి పెరిగింది ఆడనే. పిల్ల పేరు రూప, మరాఠీ పిల్ల. ఇష్టపడి చేసుకునిందని అమ్మానాయన మాట్లాడేదే మానుకున్నారంట.

నాకు ఒకటే దిగులు. కొత్త కోడలు మొదటిసారి గడప తొక్కేటప్పుడు పుట్టింటోళ్లు ఒడిలో బియ్యం పోయాల. ఈ పిల్లకు ఎవరు పోస్తారు? అత్తింటోళ్లం మేం పోస్తే చెల్లదు. ఉత్త ఒడితో లోపలికొస్తే ఎదురింటి మల్లేశ్వరి ఊరంతా దండోరా వేస్తుంది. దాని నోటికి నా నోరే సరి గానీ, ఒడి ఉత్తదైతే నేనేమని వాదించేది?

ఆదోని స్టేషనుకు అయ్యన్నను పంపినా. పోతా పోతా చంకలో సంచి ఒకటి ఇరికించుకున్నాడు. తిరిగి బస్సులో వస్తా పిల్లను పట్టుకున్నాడంట, మీ తాతదేవూరు, ముత్తాతదేవూరు అని. మధు మరాఠీలో అడిగేది, పిల్ల చెప్పేది, వీడు వేళ్లు మడిచేది. ఎమ్మిగనూరు వచ్చేసరికి లెక్క తేలింది.

నేను హారతి పళ్లెంతో గడపలో నిలబడుంటే, వీధి మొదట్లోనుంచే కేకేసినాడు.

"అక్కా, ఈ పిల్ల పరాయిది కాదు. మా బావకు చిన్నాయన మునిమనవరాలు!"

మల్లేశ్వరి వేలు మడవకుండానే లెక్క కట్టింది. "అట్లయితే మొగుడూ పెండ్లామూ అన్నాచెల్లెండ్లు గదప్పా."

నా చేతిలో కర్పూరం ఆరిపోయింది. మధు పెండ్లాం చెవిలో ఏం చెప్పినాడో, పిల్ల మొగం వాడిపోయి, ఎత్తిన కాలు వెనక్కి తీసుకునింది. మొగుణ్ని ఏదో అడిగింది. భాష రాకపోయినా నాకు తెలిసింది, తిరిగి పోదామా అని.

అయ్యన్న తల గోక్కున్నాడు. మడిచిన వేళ్లన్నీ విప్పి మళ్లీ మడిచినాడు.

"దారి తప్పినాలే. బావ వైపు కాదు, నా వైపు. ఈ పిల్ల నా మనవరాలు. అక్క మనవడికి తమ్ముని మనవరాలు. ఇంతకంటే మంచి వరస యాడుంది మల్లేశ్వరీ?"

అంటానే సంచి విప్పినాడు. పసుపు కలిపిన బియ్యం, కొబ్బరి గిన్నెలు, చీర, రవిక గుడ్డ. మల్లేశ్వరి మెడ సాచి సంచిలోకి చూసింది. వాళ్ల పక్కా ఈ ఆచారం ఉందంట, ఎవరూ చెప్పకుండానే పిల్ల కొంగు పట్టింది. బియ్యం పడతాంటే "ఆజోబా" అనింది. తాత అనంట.

కర్పూరం మళ్లీ ముట్టించి హారతి ఇచ్చినా. లోపలికి పోయినాక తమ్ముణ్ని పట్టుకున్నా. "సంచి ఈడనుంచే మోసుకోని పోయినావు గదరా. మరి బస్సంతా ఆ పిల్ల పానం ఎందుకు తీసినావు?"

"రైలు దిగకముందే అది నా మనవరాలు. ఏ దారిన అయిందనేదే ఎతుకుతాంటి" అన్నాడు. నేను మాట్లాడేలోగా మంచమెక్కి కాళ్లు చాపినాడు. "కాళ్లకు నీళ్లియ్యవా? పిల్ల తరపోళ్లం వచ్చి ఎంతసేపాయె."

ఇచ్చినా. బొరుగుల ఉగ్గాని, బజ్జీలు పెడితే తిని, ఉప్పు చాలలేదని పేరు పెట్టినాడు. నా వంటకు వంక పెట్టే ధైర్యం మా ఆయనకే ఏ పొద్దూ లేకపోయె. ఏం చేస్తాం, వియ్యపోడు. ఇంకో రెండు బజ్జీలు వేసినా.