లిఫ్టు తాత నవ్విన షాట్

రెండు వేల ఒకటో సంవత్సరం. ఫిల్మ్‌నగర్‌లో ఒక మేడ కింద మా ఎడిట్ సూట్ ఉండేది. పేరు గొప్ప, ఊరు దిబ్బ. కిటికీల్లేని గది, రెండు టీవీలు, ఒక కంప్యూటరు, వణికించే ఏసీ. ఆ చల్లదనం మిషన్ల కోసం, మా కోసం కాదు. బయట జూబ్లీహిల్స్ బండల మీద ఎండ ఎప్పుడు వాలిపోయేదో మాకు తెలిసేది కాదు. టీ వచ్చిందంటే సాయంత్రమైనట్టు.

ఎడిటింగ్ చేసేవాళ్లకి కాలంతో ఒక వింత చనువు ఏర్పడుతుంది. టేపు వెనక్కి తిప్పితే కిందపడిన గ్లాసు లేచి చేతిలోకి వస్తుంది, జారిన కన్నీరు కంట్లోకి వెళ్లిపోతుంది. మధ్యాహ్నం భోంచేసి ఆ చీకట్లో కూర్చుంటే, తెర మీద రేపు ముందు నడిచేది, నిన్న తర్వాత వచ్చేది. నేనెక్కడున్నానో నాకే కాసేపు తెలిసేది కాదు. సరిగ్గా అలాంటి నా చేతికి ‘లేని అంతస్తు’ సీరియల్ వచ్చిపడింది.

అది వారానికోసారి వచ్చేది. నాలుగంతస్తుల పాత బిల్డింగులో ఒక లిఫ్టు. అందులో అయిదో బటన్ నొక్కితే అంతస్తు బదులు సంవత్సరం మారుతుంది. హీరో ఏ సంవత్సరంలో దిగినా తలుపు తీసే మనిషి మాత్రం ఒక్కడే. ఖాకీ చొక్కా, పొడుగాటి తెల్ల గడ్డం. “ఆలస్యం చేశావు బాబూ, రా” అంటాడు. ఆయనే లిఫ్టు తాత.

ఆ వేషం వేసింది పానకాలరావుగారు. గుంటూరు వైపు మనిషి, నాటకాల్లో పండిపోయినవాడు. గడ్డం సొంతమే. మధురానగర్‌లో ఇద్దరే ఉండేవాళ్లు, ఆయనా, భార్య రాజ్యలక్ష్మమ్మగారూ. ఆ సీరియల్ తప్ప ఆయనకి అప్పట్లో వేరే వేషం లేదు.

చానెల్ వాళ్లకి ఒకరోజు ఉన్నట్టుండి ముసలాయన బరువైపోయాడు. కుర్రకారు చూడాలంటే కుర్రమొహాలే కావాలట. తాతని చంపేయమన్నారు. డైరెక్టర్ మూర్తిగారు కాసేపు గొణిగి ఒప్పేసుకున్నారు. మంచం మీద తాత, మెడలో దండ, తలవైపు దీపం. సీను తీశారు.

షూటింగు నుంచి పానకాలరావుగారు తిన్నగా నా గదికి వచ్చి స్టూలు మీద కూర్చున్నారు.

“అమ్మాయ్ శారదా, నా చావు కాస్త బాగా కట్ చెయ్యి.”

“అవేం మాటలండీ!”

“బాధ దేనికంటే, పొద్దున్నే గడ్డం దువ్వుకుని ఎక్కడికో అక్కడికి బయల్దేరాలి కదమ్మా మనిషి. రేపట్నుంచి నేనెక్కడికి బయల్దేరను?”

టీ తెప్పిస్తే సగం తాగి వెళ్లిపోయారు.

ఇక్కడ మా వాళ్ల పద్ధతి ఒకటి చెప్పాలి. చచ్చిపోయినట్టు నటించిన మనిషి కెమెరా ముందు నవ్వకుండా ఇంటికి వెళ్లకూడదు. కట్ చెప్పగానే లేపి, దండ తీసి, ఒక్క నవ్వు షాట్ తీస్తారు. చావు అబద్ధం, మనిషి నిజం అని కెమెరాకి చెప్పడమన్నమాట. మా యూనిట్‌లో ఇంకో ఆకు ఎక్కువే చదివారు. ఆ నవ్వు చెరిపేస్తే అరిష్టమని, చానెల్‌కి వెళ్లే మాస్టర్ టేపులోనే, ఎపిసోడ్ అయిపోయాక కాస్త నలుపు వదిలి, చిట్టచివర దాన్ని పెట్టించేవారు మూర్తిగారు. ఆ నలుపు దాకా ఎవరూ రారు. నలుపు రాగానే చానెల్ వాళ్లు యాడ్స్ వేసేస్తారు.

ఆ వారం యాడ్స్ రావడం కాస్త ఆలస్యమైంది. టేపు అలా తిరుగుతూనే పోయింది. తాత చచ్చాడు, హీరో ఏడ్చాడు, తెర నల్లబడింది. అంతలో ఆ నలుపులోంచి తాత మొహం తేలి, మనవైపు చూసి, గడ్డం కదిలేలా హాయిగా నవ్వి మాయమైంది. ఇంట్లో టీవీ ముందున్న నాకే ఒళ్లు ఝల్లుమంది.

రెండు రోజులకి ఇద్దరు వచ్చారు. సీరియల్ చివర్లో మా స్టూడియో పేరు చూసి, వెతుక్కుంటూ వచ్చారట. సునీతది వరంగల్, కిరణ్‌ది గుడివాడ. ఇద్దరిదీ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం.

“ఆఫీసు వేళల్లో ఇలా తిరుగుతున్నారేంటి?” అన్నాను.

“బెంచ్ మీద ఉన్నం మేడమ్,” అంది సునీత. బెంచ్ అంటే ప్రాజెక్టు దొరికేదాకా జీతమిచ్చి ఖాళీగా కూర్చోబెట్టడం. “మా ఫికర్ ఇడిచిపెట్టుండ్రి. తాత సచ్చిండా, లేదా? గా ముచ్చట చెప్పుండ్రి. ఇంటర్నెట్ గ్రూపుల కొట్టుకొని సస్తున్నం.”

“మీరేమనుకుంటున్నారు?”

“తాత సావలే మేడమ్. మొదట్ల హీరో ఇరవై ఏండ్లు ముందటికి పోతే డోర్ తీసింది తాతనే కదా? ఇప్పుడు సస్తే అప్పుడు ఎట్ల తీస్తడు? ఒక్కసారి చూసినంక అది జరగాల్సిందే.”

“జరగక్కర్లేదండీ,” అని అందుకున్నాడు కిరణ్. “హీరో వెళ్లొచ్చిన ప్రతిసారీ ముందు జరగబోయేది మారిపోతుంది. ఈ తాత పోయాడు. నవ్వినాయన వేరే సంవత్సరం తాత. తన చావు చూసుకోడానికి లిఫ్టులో వచ్చాడు.”

“నీ మొకం! సొంత శవాన్ని చూసి ఎవడన్న నవ్వుతడా?”

“ఎందుకు నవ్వడు? తనింకా ఉన్నాడుగా!”

అలా వాళ్లిద్దరూ నా గదిలో, మా పాత టీవీల ముందు, సొంత పెదనాన్న గురించి కొట్టుకున్నట్టు కొట్టుకున్నారు. ఇరవై ఏళ్ల తర్వాతి సీనులో తాత తలుపు తీసిన సంగతి మా కథ రాసినవాళ్లకే గుర్తు లేదు. నాకు నవ్వొచ్చింది. ఆ నవ్వు వట్టి సెంటిమెంటని నేను నోరు తెరిచి చెప్తే పానకాలరావుగారి కథ అక్కడితో సరి. చెప్పలేదు.

అంతలో మూర్తిగారు చేతిలో ఒక కాగితంతో విసురుగా వచ్చారు. గత వారం సాంకేతిక లోపం వల్ల అంతరాయం కలిగింది, చింతిస్తున్నాం అని వచ్చే ఎపిసోడ్ ముందు వేయమని చానెల్ పంపిన మాటలవి. ఆయన నోరు విప్పేలోపే సునీత ఎదురెళ్లింది.

“మీరేనా సార్ డైరెక్టరు? గా నవ్వు ఎవరి ఐడియా సార్? దిమాక్ ఖరాబైంది సార్ మాకు! ఇంత పెద్ద ఆలోచన మనోళ్లు చేస్తరనుకోలే!”

మూర్తిగారు నావైపు చూశారు. నేను ఏసీ వైపు చూశాను. ఆయన చేతిలోని కాగితం మెల్లగా జేబులోకి వెళ్లిపోయింది.

“నాదేనమ్మా,” అన్నారు కళ్లజోడు సర్దుకుంటూ. “మొదట్నుంచీ అనుకున్నదే.”

సినిమావాళ్ల గొప్పల మీద నాకెప్పుడూ ఒళ్లు మంటే. ఆ ఒక్కరోజు మాత్రం ఆయన కాళ్లకి దణ్ణం పెట్టాలనిపించింది.

వాళ్లు వెళ్లాక మూర్తిగారు కుర్చీలో కూలబడ్డారు. “ఇప్పుడేం చేద్దాం శారదా?”

“చేసేదేముందండీ, తాతకి ఫోన్ కొట్టండి.”

నేనే కొట్టాను. పానకాలరావుగారు సంగతంతా విన్నారు. “చచ్చినవాణ్ణి ఏ బట్టలేసుకుని రమ్మంటారమ్మా?” అన్నారు.

మర్నాడు ఖాకీ చొక్కాతో గుమ్మంలో నిలబడితే మూర్తిగారు తల పట్టుకున్నారు. నున్నటి గుండు. గడ్డం కూడా లేదు. దండ వేయించుకున్నందుకు రాజ్యలక్ష్మమ్మగారు ఊరుకోక, షూటింగైన వెంటనే తిరుపతి తీసుకెళ్లి తలనీలాలు ఇప్పించారు.

“కంటిన్యుటీ సర్వనాశనం!” అన్నారు మూర్తిగారు. కంటిన్యుటీ అంటే ఈ సీనులో ఉన్న జుట్టు, చొక్కా తర్వాతి సీనులోనూ అలాగే ఉండటం. విగ్గు పెడదామన్నారు.

“ఎందుకండీ? ఏ సంవత్సరం నుంచి వచ్చాడో ఎవరు చూడొచ్చారు? ఆ సంవత్సరంలో గుండు,” అన్నాను.

అలాగే తీశారు. లిఫ్టు తలుపు తెరుచుకుంది, గుండుతో తాత. “ఆలస్యం చేశావు బాబూ, రా.” ఇక గ్రూపులో యుద్ధమే. వారం వారం జుట్టు కాస్త కాస్త పెరుగుతుంటే, దాని పొడుగుని బట్టి ఏ తాత ఏ ఏడాదివాడో తేల్చడానికి కూర్చున్నారు. కిరణ్ లెక్కలో తాత వెనక్కి బతుకుతున్నాడు. సునీత లెక్కలో ముందుకే. పానకాలరావుగారు మాత్రం పొద్దున్నే తల నిమురుకుంటూ బయల్దేరేవారు, సీరియల్ ఆగిపోయేదాకా.

ఆ తర్వాత చాలా ఏళ్లకి ఆయన నిజంగా పోయారు. రాజ్యలక్ష్మమ్మగారు ఫోన్ చేసి, “నవ్వుతున్న ఫొటో ఒక్కటీ లేదమ్మా, నీ దగ్గరేమన్నా ఉందా?” అని అడిగారు. బీరువాలో దాచుకున్న ఆ టేపు కాపీ తీశాను. మంచం మీద తాత, దండ, దీపం, నలుపు, ఆ తర్వాత నవ్వు. దాన్ని ఆపి ఆ బొమ్మ తీస్తుంటే వెక్కి వెక్కి ఏడ్చాను. వెనక్కి తిప్పడం ఒక్కటే నాకొచ్చిన విద్య. అది ఎడిట్ గది దాటి పనిచేయదు.

మధురానగర్ ఇంట్లో ఆ నవ్వుకే దండ వేశారు. నేను చెప్తే సునీత కూడా వచ్చింది, కళ్లజోడొచ్చి, కాస్త ఒళ్లు చేసి. ఫొటో ముందు చాలాసేపు నిలబడింది.

కంటిన్యుటీ అంటే తప్పు దొర్లకుండా చూడటమని అన్నేళ్లూ అనుకున్నాను. చూసేవాళ్లు తప్పులు వెతికేది మనల్ని పట్టుకోడానికి కాదు. తాము ఇష్టపడ్డ మనిషి ఇంకా ఎక్కడో ఉన్నాడనడానికి ఒక ఆధారం దొరుకుతుందేమోనని. నాకీ సంగతి నేర్పింది బెంచ్ మీద కూర్చున్న ఆ ఇద్దరు పిల్లలు.

“తాత యాడికి పోలేదమ్మా,” అని రాజ్యలక్ష్మమ్మగారి చేయి పట్టుకుంది సునీత. “మనకంటే ముందటి సంవత్సరంల ఉన్నడు. మనం పొయ్యేటాల్లకు డోర్ తీసి నిలబడ్తడు.”

ఆవిడ కళ్లు తుడుచుకుని ఫొటో వైపు చూశారు.

“అయితే నన్నూ అంటారన్నమాట, ఆలస్యం చేశావని,” అన్నారు. అని, నవ్వారు.