ఈ ఆటకు మాత్రమే

మా పక్కింటి టీచరమ్మ పోయిందన్న కబురు పోయిన మంగళవారం నాకు ఆత్మకూరు బస్టాండులో తెలిసింది. ఉదయగిరి బస్సు దిగుతూ మా వీధి మనిషి చెప్పాడు. ఫ్లాపీలు కొనడానికి వచ్చినవాడిని, కొనకుండా, తిరిగి వెళ్లే అదే బస్సులో ఉదయగిరి వచ్చేశాను.

మిషన్ స్కూల్లో ఇంగ్లీషు చెప్పి రిటైరైన మనిషి. నేను ఆమె దగ్గర చదువుకోలేదు. కంప్యూటరు కూడా పుస్తకాలు చూసి నేర్చుకున్నాను. నేనూ నా స్నేహితుడూ మా వెనక గదిలో కంప్యూటర్ ఆటలు చేయడం మొదలుపెడితే వీధంతా నవ్వింది. ఆమె మాత్రం గోడ మీదుగా రోజూ అడిగేది, "ఏందబ్బయ్యా, మీ బొమ్మ ఈరోజన్నా నడిచిందా?" అని.

మా మొదటి ఆటలో ఒక మనిషి మెట్లమీదుగా ఉదయగిరి కొండ ఎక్కాలి. జారిపడితే ఒక మాట వినపడాలి. ఏ మాటో మాకు తోచలేదు. ఒకరోజు గోడవతల ఆమె, అరుగు ఎక్కలేక పడిపోతున్న మేకపిల్లతో అంటోంది: "పడినావా? లెయ్. మెట్లు యాడికీ పోవులే."

అది మళ్లీ పడ్డప్పుడు ఆ మాట టేప్ రికార్డరులో పట్టి ఆటలో పెట్టేశాం.

నెల్లూరులో కంప్యూటర్ క్లాసులు నడిపే ఒకాయన ఆట కొంటానన్నాడు. ఆ గొంతు ఎవరిదో వాళ్ల సంతకం కావాలని, లేకపోతే బేరం లేదని ఒక కాగితం ఇచ్చి పంపాడు. ఆమెను మేం అడగనేలేదన్న సంగతి అప్పుడుగానీ తట్టలేదు.

ఆమెను పిలిచి ఆట చూపించాను. నవ్వుతుందనుకున్నాను.

"మేకకు చెప్పిన మాటరా అది. మీకు చెప్పినానా?"

"లేదు టీచరమ్మా. తప్పయిపోయింది."

"బొమ్మలు గీసే ప్రోగ్రామన్నా కొన్నదేనా?"

అది ఎవరి దగ్గరో కాపీ చేసుకున్నది. ఆ సంగతే చెప్పాను.

"ఈ ఊళ్లో ఎవుడు చూడొచ్చినాడు టీచరమ్మా?" అన్నాడు నా స్నేహితుడు.

"నేను చూసినా గదరా. ముందు అది కొనుక్కో. తరవాత నా సంగతి."

మద్రాసు నుంచి తెప్పించేసరికి రెండు నెలలు పట్టింది. నెల్లూరాయన విసుక్కున్నాడు గానీ ఆగాడు. డబ్బాలోని లైసెన్సు కాగితం నిండా చీమల్లాంటి ఇంగ్లీషు అక్షరాలు. ఆమె కళ్లద్దాలు పెట్టుకుని, మధ్యాహ్నమంతా కూర్చుని మాకు అర్థం చెప్పింది. "ఒక్క కంప్యూటర్లోనే వాడాలంట. మీకుండేదే ఒకటి, మీకేం భయంరా!" అని అప్పుడు నవ్వింది.

తరవాత తన సంతకం కోసం నెల్లూరాయన ఇచ్చిన కాగితం తీసుకుంది. 'ఏ పనికైనా, ఎప్పటికైనా' అన్న మాటలు కొట్టేసి, 'ఈ ఆటకు మాత్రమే' అని రాసి సంతకం పెట్టింది.

"ఇంకోదానికి కావాల్నంటే గోడ కాడికొచ్చి అడుగు. అడిగితే కాదంటానా?"

నెల్లూరాయన దానికే ఒప్పుకున్నాడు. ఆ తరవాత ఎవరినీ అడగకుండా తెచ్చిన బొమ్మగాని చప్పుడుగాని మా గదిలోకి రాలేదు. అది ఆమె పెట్టిన అలవాటు.

ఇప్పుడు రెండో ఆట చేస్తున్నాం. ఇందులోనూ మనిషి పడతాడు. ఆమె గొంతు కంప్యూటర్లోనే ఉంది.

"ఆమె ఉంటే ఒప్పుకునేదే గదరా," అన్నాడు నా స్నేహితుడు.

ఒప్పుకునేదే. గోడ నాలుగడుగుల దూరం. నాకు నోరు తొందరగా పెగలదు. రేపు అడుగుదాం, ఎల్లుండి అడుగుదాం అనుకుంటూనే గడిపేశాను.

నిన్న మాట లేకుండానే ఆట నడిపి చూశాం. మనిషి జారి పడ్డాడు. ఏమీ వినపడలేదు. గోడవతల మేక ఒకసారి అరిచింది. మనిషి తనంతట తనే లేచి, మోకాళ్లు దులుపుకుని, మళ్లీ మెట్టుమీద కాలు పెట్టాడు.